వ్యాపార కుటుంబాలు – లాప్‌టాపు కొనుగోలు

(షోలాపూరు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పరాభవ నామ సంవత్సరము వచ్చినది. పేరు విని కొందరు మొగము చిట్లిస్తున్నారు గాని, అరవై యేండ్ల చక్రములో ఆ పేరుకూ ఒక వంతు ఉన్నది. ఇంతకు ముందు 1966లో ఇది వచ్చినప్పుడు ఈ పూర్వభాగములో మన తాతలు సాంచాల లెక్కలు ఎర్ర అట్ట చిట్టాలలో రాసేవారు. ఉగాదికి కొత్త చిట్టా తెచ్చి పసుపు కుంకుమ పెట్టేవారు. ఇప్పుడు ఆ చిట్టా స్థానములోకి లాప్‌టాపు వచ్చి కూర్చున్నది. పంచాంగ శ్రవణానికీ కవి సమ్మేళనానికీ నడుమ ఈ యంత్రముతో పని యేమిటని ఎవరికైనా అనిపిస్తే, కారణము అదే. చిట్టా అయిపోతే ఇరవై రూపాయలకు ఇంకొకటి వచ్చేది. ఇది అట్లా వచ్చేది కాదు.

గడచిన ఆరు మాసములుగా మన పేటలో ఇంటింటా వినిపిస్తున్న ప్రశ్న ఒకటే: పాతది పనికిరాదంటున్నారు, కొత్తది ఏది కొనవలె? ఇందుకు మూలము అందరికీ తెలిసినదే. విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారు 14 అక్టోబరు 2025తో సాధారణ పోషణ ఆపివేసినారు. ఇండ్లలో వాడుకొనేవారు పేరు నమోదు చేసుకొంటే మరొక యేడాది, అనగా 2026 అక్టోబరు నడిమి వరకు, భద్రతా సవరణలు వస్తవి. ఆ తరువాత అదీ లేదు. విండోస్ 11 వేసుకొందామంటే అది ఇంటెల్ వారి ఎనిమిదవ తరము, ఆపైన ఉన్న ప్రాసెసర్లనే అధికారికముగా ఒప్పుకొంటుంది, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగము కూడ కోరుతుంది. 2016, 2017లో కొన్న యంత్రములు చాలవరకు ఆరవ, ఏడవ తరమువి గనుక గడప బయటనే నిలిచిపోయినవి.

ఇక్కడ ఒక సంగతి గమనించవలసి ఉన్నది. ఆ యంత్రములలో పలువురు జాగ్రత్తపరులు మెమొరీ 4 నుండి 8కో 16కో పెంచుకొన్నారు. తిరిగే డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేసుకొన్నారు. దానితో యంత్రము కొత్తదానివలె పరుగెత్తినది, పెట్టిన డబ్బు దండుగ కాలేదు. అయినా ప్రాసెసరు తరము దాటలేక చివరకు ఆగినవి. కాబట్టి ‘తరువాత పెంచుకొనవచ్చు’ అనే మాటకు ఎంతవరకు విలువ ఉన్నది, ఎక్కడ ఆ విలువ ఆగిపోతుంది అన్నదే ఈనాడు మేము చెప్పదలచినది.

దుకాణానికి పోతే మనము అడిగేవి మూడే మాటలు. ఐ-ఫైవా ఐ-సెవెనా, ర్యామ్ ఎంత, ధర ఎంత. అమ్మేవాడు చెప్పేవీ ఆ మూడే. నాలుగవ ప్రశ్న, అనగా ‘ఇందులో ఏది ఊడుతుంది, ఏది ఊడదు’ అన్నది, అడిగేవారు అరుదు. బంగారు దుకాణములో మాత్రము మన ఆడవారు గొలుసు కొక్కెము విప్పి చూసి, టంకము ఎక్కడెక్కడ పడ్డదో తిప్పి తిప్పి చూసి మరీ కొంటారు. ఆ చూపు ఇక్కడ కూడ కావలె. లాప్‌టాపులో మెమొరీ రెండు విధములుగా ఉంటుంది. ఒకటి గూటిలో గుచ్చి తీయగలిగిన పట్టీ. దానిని సోడిమ్ అంటారు. రెండవది తల్లి బోర్డు మీద టంకము వేసి అతికించిన చిప్పులు. మొదటిదైతే స్క్రూ విప్పి మార్చుకొంటాము. రెండవదైతే కొన్ననాడు ఎంత ఉన్నదో యంత్రము చచ్చేవరకు అంతే.

ప్రాసెసరు సంగతి ముందే చెప్పివేస్తాము, ఆశ పెట్టుకొననవసరము లేదు. ఇంటెల్ వారి లాప్‌టాపు ప్రాసెసర్లలో ఊడదీయగలిగినవి 2013 నాటి నాలుగవ తరముతో ముగిసినవి. ఆ తరువాత వచ్చినవన్నీ బోర్డుకు అతికినవే. మెమొరీ విషయములో ఆపిల్ వారు 2012లో రెటీనా తెరతో తెచ్చిన మాక్‌బుక్ ప్రోలో టంకము వేసినారు. తక్కినవారు ఒకరొకరే ఆ దారి పట్టినారు. వ్యాపారస్థులు నమ్మే థింక్‌ప్యాడ్‌లో సైతము ఇది కనబడుతుంది. 2018లో వచ్చిన టి 480లో రెండు మెమొరీ గూళ్లు ఉండేవి, వెనుక బాటరీ చేతితో లాగితే వచ్చేది. మరుసటి యేడు వచ్చిన టి 490లో కొంత మెమొరీ బోర్డుకు అతికించి ఒక్క గూడు మాత్రము మిగిల్చినారు, బాటరీని కడుపులోకి తోసినారు. అడిగేవారు అడుగుతూ ఉండగా, 2024లో వచ్చిన టి 14 ఐదవ తరములో రెండు గూళ్లూ మళ్లీ ఇచ్చినారు. మరమ్మతుల విషయములో పేరుపొందిన ఐఫిక్సిట్ వారితో కలసి ఆ నమూనాను దిద్దినారు కూడ. కొనేవాడు అడిగితే తయారీదారు వింటాడనడానికి ఇదొక నిదర్శనము. వినడానికి ఐదారేండ్లు పట్టినదనుకోండి.

అయితే టంకము వేసేవారందరు దురాశాపరులని మేము అనము. వారి పక్షాన న్యాయమైన మాటలు ఉన్నవి. గూటికీ ప్రాసెసరుకూ నడుమ దూరము ఉంటుంది. ఆ దూరములో సంకేతము పలుచబడుతుంది గనుక వేగము ఒక మేర దాటనివ్వరు. ఈనాటి వ్యాపార లాప్‌టాపులలో గూటి మెమొరీ సాధారణముగా సెకనుకు 5600 మిలియను బదిలీలు చేస్తే, ప్రాసెసరు పక్కనే అతికించిన ఎల్.పి.డి.డి.ఆర్. 5 ఎక్స్ రకము 8533 వరకు చేస్తుంది. విద్యుత్తు తక్కువ తింటుంది, బాటరీ ఎక్కువసేపు వస్తుంది, యంత్రము పలుచన అవుతుంది. ఇంటెల్ వారు సెప్టెంబరు 2024లో తెచ్చిన లూనార్ లేక్ అనే ప్రాసెసర్లలో మెమొరీని ప్రాసెసరు పొట్లములోనే కలిపివేసినారు. 16 గాని 32 గాని, అంతే. మధ్య లేదు, పైన లేదు. పగలంతా చార్జరు లేకుండ తిరిగేవానికి ఇది వరమే.

ఈ రెంటినీ కలపాలనే ప్రయత్నమూ జరిగినది. డెల్ వారు 2022లో కామ్ అనే కొత్త రకపు పట్టీ తెచ్చినారు; దానినే సవరించి 2023 డిసెంబరులో జెడెక్ సంస్థవారు అందరికీ ఉమ్మడి ప్రమాణముగా చేసినారు. స్క్రూలతో బిగిస్తే అతికినంత దగ్గరగా కూర్చుంటుంది, కావలసినప్పుడు ఊడుతుంది. 2024లో థింక్‌ప్యాడ్ పి 1 ఏడవ తరములో అది కనబడినది. కాని మన బేరమునకు అందే యంత్రములలో ఇప్పటికి అది అరుదు గనుక దానికోసము ఎదురు చూడనక్కరలేదు.

గూడు ఉన్నది గదా అని ఏ పట్టీ అయినా దూరదు. ఇది మన ఊరివారికి రైలు భాషలో చెబితే త్వరగా పడుతుంది. హొట్గి నుండి గదగ్ పోయే దారి ఒకప్పుడు మీటరు గేజి. షోలాపూరు మీదుగా బొంబాయి–మద్రాసు పోయే దారి బ్రాడు గేజి. ఒకటి 1000 మిల్లీమీటర్లు, మరొకటి 1676. హొట్గి దాకా ప్రక్క ప్రక్కనే నిలిచినా, ఆ బోగీ ఈ పట్టా మీద నడవదు. అట్లే డి.డి.ఆర్. 4 పట్టీ డి.డి.ఆర్. 5 గూటిలో కూర్చోదు. గాడి వేరు, విద్యుత్తు వేరు, ఒకటి 1.2 వోల్టులది, మరొకటి 1.1 వోల్టులది. గేజి ఒకటైతే మాత్రము పాత బోగీకి కొత్త బండిలో చోటు దొరుకుతుంది, నెమ్మదిగా నడిచినా సరే. ఇందులో మనకొక లాభము ఉన్నది. 2023లో వచ్చిన డెల్ లాటిట్యూడ్ 5440లో రెండు డి.డి.ఆర్. 4 గూళ్లు ఉన్నవి. మీ మూలబడ్డ 2017 నాటి యంత్రములో 8 జి.బి. డి.డి.ఆర్. 4 పట్టీ ఉంటే, సాధారణముగా అది ఇందులో తక్కువ వేగముతో పని చేస్తుంది. అదే సంవత్సరపు, అదే కుదురుకు చెందిన లాటిట్యూడ్ 7440లో మెమొరీ అంతా బోర్డుకు అతికినదే. అంకెలో ఒక్క మార్పు. దుకాణములో రెండూ ప్రక్క ప్రక్కన పెడితే, 7440 అందముగా ఉన్నదనే అందరూ అంటారు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇంతకాలము మేము కూడ అందరికీ చెబుతూ వచ్చిన సలహా ఏమంటే: గూడు ఉన్న యంత్రము 8 జి.బి.తో చౌకగా కొనండి, రెండేండ్ల తరువాత మెమొరీ ధర దిగుతుంది, అప్పుడు వేసుకోండి. ఇరవై యేండ్లుగా ఎక్కువ కాలము ఆ లెక్క సరిపోయినది. 2025 చివరి మాసములలో ఆ లెక్క తారుమారైనది. కృత్రిమ మేధ కోసము కట్టే మహా యంత్రశాలలు మెమొరీ చిప్పులను టోకున ఎత్తుకొనిపోతున్నవి. అంగట్లో పట్టీల ధర విపరీతముగా పెరిగినది. మైక్రాన్ సంస్థవారు డిసెంబరు 2025లో, క్రూషియల్ అనే పేరుతో మనవంటి వారికి అమ్మే వ్యాపారమును విరమించుకొంటున్నామని ప్రకటించినారు. నూలు ధర పెరిగేటప్పుడు ‘వచ్చే నెల కొందాము’ అని కూర్చున్న కారఖానాదారు సంగతి ఏమవుతుందో ఇక్కడ ఉన్నవారికి మేము చెప్పనక్కరలేదు.

అందుచేత ఇప్పుడు మా అభిప్రాయము ఇది. ఈనాటి పనికి ఎంత కావలెనో అంత ఈనాడే కొనండి. గూడు ఉన్నదన్న ధైర్యముతో తక్కువ కొనవద్దు. గూడు విలువ వేరే చోట ఉన్నది. అతికించిన చిప్పులలో ఒక్కటి చెడినా సాధారణముగా బోర్డు మొత్తము మార్చవలసి వస్తుంది. వారంటీ తీరినాక ఆ ఖర్చు వింటే చాలామంది కొత్తదే కొంటారు. గూటిలో పట్టీ చెడితే పట్టీ పారవేస్తాము, సాయంత్రానికి యంత్రము నడుస్తుంది. అందుకే గూటిని మేము పెంపుదల కన్నను మరమ్మతు కోసమే ఎక్కువగా కోరుకొంటాము.

ఎంత కావలె? టాలీ ఒక్కటే నడిపితే 8 చాలును. కాని ఒక్క టాలీ నడిపే ఇల్లు మేము చూడలేదు. టాలీ తెరిచి ఉంటుంది, ప్రక్కన జి.ఎస్.టి. పోర్టలు, రాష్ట్రము దాటిపోయే సరుకు 50,000 రూపాయలు మించితే ఇ-వే బిల్లు, వాట్సాపులో టవెళ్ల నమూనా ఫోటోలు, అంతలో అమ్మాయి కాలేజీ పాఠము. ఇట్టి ఇంటికి 16 కావలె. అంతకు మించి 32 కొనవలసినవారు మన సభలో చద్దరు నమూనాలు కంప్యూటరు మీద గీసేవారు, వీడియో పని చేసేవారు మాత్రమే. పక్కింటివారు 32 కొన్నారని మనము కొననవసరము లేదు.

ఇంతవరకు మెమొరీ గురించి చెప్పినాము. నిజమునకు ఇంతకన్న పెద్ద సంగతి డిస్కుది. సాంచ ఒకరోజు ఆగితే ఆ రోజు కూలి పోతుంది. లెక్కలు పోతే? హైదరాబాదు వ్యాపారి ఎంత బాకీ, నాగపూరువారు ఎన్ని డజన్లు వాపసు పంపినారు, నూలు వారికి మనము ఎంత ఇవ్వవలె, ఇదంతా ఆ ఎస్.ఎస్.డి.లో ఉన్నది. మన వ్యాపారమంతా అరువు మీద నడిచేదే. చిట్టా పోయినవాడు అడగలేడు, అడిగినా ఇచ్చేవాడు ఇవ్వడు. పైగా జి.ఎస్.టి. చట్టము ప్రకారము వార్షిక రిటర్ను గడువు నాటినుండి 72 మాసములు లెక్కలు భద్రము చేయవలె. లాప్‌టాపు ఆరేండ్లు బ్రతుకుతుందో లేదో గాని, లెక్క బ్రతికి ఉండి తీరవలె.

కాబట్టి కొనబోయే యంత్రములో ఎస్.ఎస్.డి. ఊడుతుందా అన్నది మొట్టమొదట అడగండి. పేరున్న కంపెనీల వ్యాపార శ్రేణి విండోస్ యంత్రములలో చాలవరకు ఊడుతుంది. ఎం.2 అనే చిన్న కర్రబిళ్లవంటి పట్టీ అది. అందులో పొడవులు వేరు: 80 మిల్లీమీటర్లది సర్వసాధారణము, కొన్నింటిలో 42, 30 మిల్లీమీటర్లవే పడుతవి. చౌక యంత్రములలో ఇ.ఎం.ఎం.సి. అనే నిల్వ చిప్పు బోర్డుకే అతికి ఉంటుంది. అది వ్యాపారానికి ఎంతమాత్రము పనికిరాదని మేము గట్టిగా చెబుతాము. బోర్డు పోయిన రోజున లెక్కలూ దానితోనే పోతవి.

డిస్కు ఊడుతుందని నిశ్చింతగా ఉండడానికీ వీలు లేదు. 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త రూపములో, మైక్రోసాఫ్టు ఖాతాతో యంత్రమును మొదలుపెడితే డిస్కు మీది సమాచారము తనంతట తానే తాళము వేసుకొంటుంది. తాళము గుట్టు బోర్డు మీది టి.పి.ఎం.లో ఉంటుంది. బోర్డు మారినా, డిస్కు వేరే యంత్రములో పెట్టినా, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకుంటే డిస్కు చేతిలో ఉన్నా లెక్క చేతిలో లేనట్లే. దొంగ ఎత్తుకొనిపోతే వానికి అందకుండ ఉండడానికి ఈ ఏర్పాటు మంచిదే. కాని యజమానికి కూడ అందకుండ పోకూడదు గదా! కొన్న వారములోగా ఆ కీ తీసి కాగితము మీద రాసి, ఇంటి దస్తావేజులున్న పెట్టెలో పెట్టండి. మైక్రోసాఫ్టు ఖాతాలో ఉన్నదనుకొంటే, ఆ ఖాతా ఎవరి పేర ఉన్నదో చూడండి. చాలా ఇండ్లలో అది దుకాణములో పెట్టి ఇచ్చిన కుర్రవాని ఈ-మెయిలు మీద ఉంటుంది. లేదా ఇల్లు వదలి పూనాకు ఉద్యోగానికి పోయిన కొడుకు పేర ఉంటుంది. దీనితోపాటు వారానికొకసారి టాలీ బాకప్పు వేరే డిస్కులోకి తీసి, ఆ డిస్కును యంత్రము ఉన్న గదిలో కాక మరొకచోట పెట్టవలె. ఇది ఏ యంత్రము కొన్నవారికైనా తప్పదు. గూళ్లు ఎన్ని ఉన్నా బాకప్పుకు బదులు కావు.

బాటరీ ఖర్చయ్యే వస్తువు. మూడు నాలుగేండ్లలో సగము శక్తి పోయినా ఆశ్చర్యపడరాదు. లోపల స్క్రూలతో బిగించినదైతే అరగంట పని. జిగురుతో అంటించినదైతే తీసేటప్పుడు ఉబ్బినదానితో ప్రమాదము కూడ. రోజంతా చార్జరు తగిలించే వాడేవారు 80 శాతము వద్ద చార్జింగు ఆపే సౌకర్యమును పెట్టుకొంటే ఎక్కువ కాలము వస్తుంది. పేరున్న వ్యాపార యంత్రములలో ఆ సౌకర్యము ఉంటుంది. కీబోర్డు, తెర, వై-ఫై ముక్క, వీటిని గురించి పొడుగుగా చెప్పము. ‘విడిగా దొరుకుతుందా’ అని అడిగితే చాలును.

అడగడము బాగానే ఉన్నది, జవాబు నిజమని నమ్మడమెట్లా? అమ్మేవాడు ‘ఎక్స్‌పాండబుల్’ అంటాడు. పెట్టె మీద ‘గరిష్ఠము 32 జి.బి.’ అని ఉంటుంది. ఆ మాటకు, ఫ్యాక్టరీలో 32 అతికించి కూడ అమ్ముతామనే అర్థము ఉండవచ్చును. మీరు పెంచుకొనవచ్చునని కాదు. లెనోవో వారు ప్రతి నమూనాకు పి.ఎస్.రెఫ్ అనే పత్రము ప్రకటిస్తారు. అందులో మెమొరీ బోర్డుకు టంకము వేసినదో, గూళ్లు ఎన్నో స్పష్టముగా రాసి ఉంటుంది. హెచ్.పి., డెల్ వారు మరమ్మతు చేసేవారికోసము రాసిన పుస్తకములను తమ చోట ఉచితముగానే ఉంచుతారు. ఏ స్క్రూ ఎక్కడ ఉన్నదో బొమ్మలతో సహా ఉంటుంది. ఇంగ్లీషు రానివారైనా బొమ్మ చూసి గ్రహించవచ్చును. నమూనా సంఖ్య పూర్తిగా రాసుకొనిరండి. ఒకే పేరుతో, వేరు వేరు ప్రాసెసరుతో, ఒకటి గూళ్లతో మరొకటి టంకముతో వస్తున్నవి. మరమ్మతు సమాచారము ఒకచోట దొరకవలెనని భారత ప్రభుత్వము వారు కూడ 24 డిసెంబరు 2022న ‘రైట్ టు రిపేర్’ పోర్టలు ప్రారంభించినారు.

దుకాణములో యంత్రము ఆన్ చేసి ఉంటే ఇంకొక ఉపాయము ఉన్నది. కంట్రోల్, షిఫ్టు, ఎస్కేప్ మీటలు ఒక్కమారు నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. అందులో పెర్ఫార్మెన్సు, మెమొరీ అన్నచోట ఫారమ్ ఫాక్టరు అని ఒక వరుస ఉంటుంది. ‘సోడిమ్’ అని ఉంటే గూడు. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే టంకము. అర నిమిషపు పని. పలువురు అమ్మేవారికే ఇది తెలియదు.

కొనేవారిని బట్టి మా తీర్పు మారుతుంది. బల్ల మీదనుండి కదలని యంత్రము కావలసినవారు, అనగా కారఖానా ఆఫీసు, కిరాణా దుకాణము, స్కూలు యూనిఫారములు కుట్టించే ఇల్లు, రెండు గూళ్లున్న 14 గాని 15 అంగుళముల యంత్రమునే కొనవలె. బరువు పావు కిలో ఎక్కువైతే బల్లకు నొప్పి లేదు. మరొక సంగతి: మన ఇండ్లలో రాత్రి వంట ముగిసినాక లెక్క రాసేది తరచుగా ఇల్లాలే. కొనే రోజున ఆమెను వెంట తీసుకొనిపొండి. కీబోర్డు మీద వేళ్లు పెట్టవలసినది ఆమె, తెర వెలుగు పడేది ఆమె కళ్లకే.

సంచిలో నమూనాలు వేసుకొని ఊరూరా ఆర్డర్లు పట్టేవారి సంగతి వేరు. బస్సులో, ప్లాట్‌ఫారము మీద, గిరాకీ ఎదుట పని. వీరికి కిలోకు కొంచెము పైన తూగే పలుచని యంత్రము, పొడుగు బాటరీ మేలు. మెమొరీ అతికినదైనా పరవాలేదు. అయితే 16కు తక్కువ కొనరాదు, వారంటీ మూడేండ్లకు తక్కువ ఉండరాదు. పెంచుకొనే వీలును అమ్ముకొని ఆ డబ్బుతో వారంటీ కొన్నట్లు భావించవలె. ఆ వారంటీ కూడ యంత్రము మీరు పంపే రకము కాక, మనిషి ఇంటికి వచ్చి బాగుచేసే రకమై ఉండవలె. షోలాపూరుకు వస్తారా, పూనా వరకేనా అన్నది కాగితము మీద రాయించుకోండి. మూత విప్పితే వారంటీ పోతుందని కొందరు భయపెడతారు. వ్యాపార శ్రేణి యంత్రములలో మెమొరీ, ఎస్.ఎస్.డి. వంటివి కొనుగోలుదారు తానే మార్చదగిన భాగములుగా చాలావరకు పుస్తకములోనే రాసి ఉంటవి. ఏ భాగమని పుస్తకములో చూపి మాట్లాడండి.

చేతిలో పైకము తక్కువ ఉన్నవారు పెద్ద కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడి వదలిన వ్యాపార యంత్రములను చూడవచ్చును. కొత్త చౌక యంత్రముకన్న అవే గట్టివని మా అనుభవము. అవి రెండు చేతులతో విప్పడానికి కట్టినవి. కాని ఎనిమిదవ తరము కన్న పాతది ఎంత చౌకగా వచ్చినా వద్దు. కారణము మొదటే చెప్పినాము. బయోస్‌కు పాత కంపెనీవారి తాళము మిగిలి ఉన్నదేమో చూడండి, ఉంటే ఆ బేరము వదలివేయండి. బాటరీ కొత్తది వేయవలసి వస్తుందని లెక్కలో కలుపుకోండి. ఒక్క మాట: బిల్లు లేని యంత్రము తీసుకొనకండి. అది ఎవరి సంచిలో నుండి వచ్చినదో మనకు తెలియదు.

బిల్లు మాట వచ్చినది గనుక. లాప్‌టాపు మీద జి.ఎస్.టి. 18 శాతము. యంత్రము ధర 50,000 రూపాయలైతే పన్ను 9,000, చెల్లించేది 59,000. జి.ఎస్.టి.లో మామూలు పద్ధతిలో నమోదైన వ్యాపారి, వ్యాపారానికే వాడే యంత్రమైతే, ఆ 9,000 తన పన్నులో జమ పట్టుకొనవచ్చును. బిల్లు మీద తన జి.ఎస్.టి. సంఖ్య ఉండవలె. మన వారు ఇంటి పేరుతో, పిల్లవాని పేరుతో బిల్లు చేయించి ఆ తొమ్మిది వేలు వదలుకొంటున్నారు. అది 8 జి.బి. యంత్రానికీ 16 జి.బి. యంత్రానికీ ఉన్న తేడాను చాలావరకు తీర్చే పైకము. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారికి మాత్రము ఈ జమ లేదు.

కొనదలచినవారు నమూనా సంఖ్య, ప్రాసెసరు పేరు, దుకాణమువారు చెప్పిన ధర ఒక చీటీ మీద రాసి, బయానా ఇవ్వకముందు, ఆదివారము ఉదయము సంఘ కార్యాలయములో ఇస్తే పుస్తకము తెరచి చూసి చెబుతాము. పాత యంత్రముల మెమొరీ పట్టీలు ఇంట్లో ఊరక పడి ఉన్నవారు అవి కూడ తీసుకొనిరండి. ఎవరి గూటికి సరిపోతే వారికి ఇవ్వవచ్చును. భోజనాల పిలుపు వచ్చినది, పులిహోర చల్లారుతున్నది. సెలవు.